హెల్మెట్‌లో ఉలవలు

జగన్నాధం తల సంగతి అతనికంటే జగ్గమ్మకే బాగా తెలుసు. నెల్లిమర్ల జూట్ మిల్లులో గోగునార మిషను దగ్గర పని అతనిది. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా నార పీచు ఉండేది. తువ్వాలు ఎంత బిగించి చుట్టుకున్నా ఆ పీచు ఎలా దూరుతుందో దూరేది. అరుగు కింద మెట్టు మీద అతను, పై మెట్టు మీద ఆమె. ఒక్కొక్క పీచే ఏరి పారేసి, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని నెత్తిన రాసేది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు చూసి, "ఏటే అది, మొగుడికి పేలు సూత్తన్నావా?" అని వెక్కిరించింది. తర్వాత అత్తగారు పోయింది, కూతురు పుట్టి పెద్దదై నర్సయింది, అతని జుట్టు సగం నెరిసింది. పీచు ఏరడం మాత్రం ఆగలేదు.

ఎడమ చెవి పైన చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డప్పటి మచ్చ, వెనక ఒక బుడిపె, నడినెత్తిన రెండు సుడులు. కళ్ళు మూసుకుని చెయ్యి వేసినా ఇది మా బావ తల అని చెప్పగలదు జగ్గమ్మ.

"రెండు సుడులున్నోడికి రెండు పెళ్ళిళ్ళంట గదే జగ్గీ. రెండోది ఇంకా రానేదేటి?" అని ఉడికించేవాడు.

"ఎప్పుడో వచ్చేసింది గదా. గోడకి ఆనించి ఉన్నాది సూడు" అనేది ఆమె, సైకిలు చూపించి.

ఆ మాటలో అబద్ధం లేదు. పెళ్ళికి మామగారు పెట్టిన సైకిలు ముసలిదై పోతే అలాంటిదే ఇంకొకటి కొన్నాడు తప్ప మోటారుబండి జోలికి పోలేదు. ఎండైనా వానైనా చంపావతి ఏటి వంతెన దాటి మిల్లుకి సైకిలు మీదే. మిల్లు పని లేని పూట ఊరవతల గరువు మీద ఉండేవాడు. ఎకరం కూడా లేని మెట్ట ముక్క అది. వానలు వెనకబట్టాక ఉలవలు చల్లితే పుష్యమాసానికి చేతికొచ్చేవి. ఎవరితోనూ తగువు పడింది లేదు, ఎవరి ఇంటికీ పిలవకుండా వెళ్ళింది లేదు. ఊళ్ళో అతని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అలాంటి మనుషులే ఊళ్ళో ఎక్కువ, వాళ్ళ మీదే ఊరు నడుస్తుంది.

హెల్మెట్ తెచ్చింది కూతురు రేఖ. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో, దెబ్బలు తగిలినవాళ్ళని తెచ్చే వార్డులో పని ఆ పిల్లకి. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు సంచీలోంచి నీలం రంగు హెల్మెట్ తీసి తండ్రి ఒళ్ళో పెట్టింది.

"నానా, నీకు దండం పెడతాను. ఇది పెట్టుకోకండా సైకిలెక్కకు."

జగన్నాధం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "మోటారు సైకిలు కాదే తల్లీ, నాను తొక్కేది ఉత్త సైకిలు."

"పడితే రోడ్డుకి తెలుస్తాదా నువ్వు ఏ బండి మీంచి పడ్డావో? రోజూ సూత్తన్నాను నానా. కాళ్ళూ సేతులూ విరిగినోళ్ళు నడుసుకుంటా ఎల్లిపోతన్నారు. తలకి తగిలినోళ్ళు..." అని ఆ పిల్ల అక్కడితో ఆపేసింది. ఇంట్లో చెప్పుకునే మాటలు కావవి.

కూతురు మాట తీసెయ్యలేక కొన్నాళ్ళు పెట్టుకున్నాడు. మొదటిరోజే పక్కింటి ఎర్రన్న ఎదురొచ్చాడు. వరసకి తమ్ముడవుతాడు, నోరు ఊరుకోదు. "ఏటన్నా, యుద్ధానికి ఎల్తన్నావేటి?" అన్నాడు. టీ కొట్టు దగ్గర ఒకడు "సైకిలుకే ఇదైతే, నడిసెల్లేటప్పుడు ఏటి పెట్టుకుంటావు మావా?" అన్నాడు. మిల్లు గేటు దగ్గర ఇంకొకడు వేళ్ళతో దాని మీద డోలు వాయించాడు. నవ్వినవాళ్ళలో జగ్గమ్మ కూడా ఉంది, ఉన్నదాన్ని ఎందుకు దాచాలి? తువ్వాలు మీద హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, చంటిపిల్లాడిలా నిలబడ్డ మొగుణ్ణి చూస్తే ఆమెకి నవ్వాగలేదు.

అలా అలా హెల్మెట్ తల దిగి హ్యాండిల్‌కి చేరింది. రేఖ ఫోను చేసి "పెట్టుకుంటన్నావా నానా?" అని అడిగితే, "సైకిలు మీదే ఉన్నాది తల్లీ" అనేవాడు నిజాయితీగా. వచ్చేటప్పుడు అందులో వంకాయలు తెచ్చేవాడు. ఒకసారి కోడిగుడ్లు తెచ్చాడు, ఒక్కటీ పగల్లేదని మురిసిపోయాడు. మనకి ఇదొక జబ్బు. ఏ వస్తువునైనా దేనికోసం చేశారో దానికి తప్ప మిగతా అన్నిటికీ వాడతాం. గుడ్లు పగలకుండా చూసే వస్తువు తలకాయని కూడా చూస్తుందని ఆ ఇంట్లో ఇద్దరికీ తట్టలేదు.

ఇక రోడ్డు సంగతి చెప్పాలి. పూర్వం ఊరికి తూర్పున కళ్ళం ఉండేది. పేడతో అలికి, ఎడ్లని తిప్పి నూర్చేవారు. ఇప్పుడు కళ్ళం ఉన్న చోట ఇళ్ళ ప్లాట్లకి రాళ్ళు పాతేశారు. ఎడ్లు ఎవరింట్లోనూ లేవు. ఇంతింత ముక్కల్లోకి మిషను తెచ్చేవాడూ లేడు. అందుకని పుష్యమాసం వచ్చిందంటే ఉలవ పండించినవాళ్ళందరూ మోపులు తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ ఆటోలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. పైసా ఖర్చులేని నూర్పు. ఒక్కటే చిక్కు. తీగలు చక్రానికి చుట్టుకుంటాయని డ్రైవర్లు పంటని తప్పించి పక్కనుంచి పోతారు. అలా పోకుండా, ఖాళీగా ఉన్న వైపు రాళ్ళు వరసగా పేరుస్తారు. రాయి కనబడితే ఎంతటివాడైనా పంట మీదికి రావలసిందే. దీన్ని తప్పని అనుకున్నవాడు ఆ చుట్టుపక్కల లేడు. జగన్నాధమూ అనుకోలేదు, జగ్గమ్మా అనుకోలేదు.

ఆ ఏడాది తమ గరువు ఎదురుగానే పరిచారు. పేర్చడం అతని పని, అందివ్వడం ఆమె పని. చిన్న చిన్న రాళ్ళు తెస్తుంటే అతను ఒప్పుకోలేదు.

"పెద్దది తేయే జగ్గీ. సిన్నదైతే లారీవోడు తన్నుకుని ఎల్లిపోతాడు."

గట్టు కింద నల్లరాయి ఒకటి ఉంటే, రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుని రోడ్డెక్కించింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూసి, మొన పైకి వచ్చేట్టు నిలబెట్టి, "ఇది రాయంటే" అన్నాడు.

మర్నాటికి కాయంతా నలిగింది. తీగలు ఎత్తి పక్కన పోగేస్తే, కింద తారు మీద ఉలవలు ఎర్రగా మెరుస్తూ పరుచుకుని ఉన్నాయి. మంచి దిగుబడి. జగన్నాధానిది ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. ఈలోగా ఎత్తేయాలని ఇద్దరూ తొందరపడుతున్నారు. జగ్గమ్మ చీపురుతో ఒక కొస నుంచి ఊడ్చి కుప్ప చేసింది. తీరా చూసుకుంటే చేట తెచ్చింది గాని, ఎత్తిపోసే గంపా లేదు, గోనెలూ లేవు.

"గోనెలు నాను తెత్తాను" అని జగన్నాధం సైకిలు తీశాడు. ఇల్లు అక్కడికి కనబడుతూనే ఉంటుంది.

"ఉండు బావా, ఆ టోపీ ఇలగ ఇచ్చి ఎల్లు. గంపలా పనికొస్తాది" అంది జగ్గమ్మ.

అతను హ్యాండిల్ నుంచి హెల్మెట్ తీసి, ఆమె చేతికిచ్చి నవ్వాడు. "ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అన్నాడు.

అది అతను ఆమెతో తెలివిలో ఉండి అన్న చివరి మాట.

వెనకనుంచి చేపల వ్యాను వస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. వాడి తప్పేం లేదు, మెల్లగానే వస్తున్నాడు. జగన్నాధం దారి ఇద్దామని సైకిలు పక్కకి తిప్పాడు. ఊడ్చిన చోటు దాటి, ఊడవని చోటికి ముందు చక్రం వెళ్ళింది. ఉలవ గింజ చిన్నది, గట్టిది, నున్నటిది. తారు మీద చక్రం కింద అది నూనె ఒలికినట్టే. సైకిలు ఒక్కసారిగా పక్కకి జారిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. సైకిలు పడ్డ చప్పుడే వినబడింది. మనిషి మాత్రం ఆ నల్లరాయి పక్కన, దాన్ని దిండు చేసుకుని పడుకున్నట్టు పడి ఉన్నాడు.

జగ్గమ్మ హెల్మెట్ నిండా ఉలవలు ఎత్తి నిలబడి ఉంది. "లేవు బావా" అంది. అంత మెల్లగా పడ్డవాడు లేవకపోవడం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎడమ చెవి పైన, ఆ పాత మచ్చ ఉన్న చోటే, తువ్వాలు తడిసిపోయి ఉంది. అప్పుడు అరిచింది. ఆ అరుపుకి ఎర్రన్న పక్క పొలంలోంచి పరిగెత్తుకొచ్చాడు. వ్యాను డ్రైవరు అంబులెన్సుకి ఫోను చేశాడు. ఎర్రన్న అన్నని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా రోడ్డు మీదే కూర్చున్నాడు.

విజయనగరం ఆసుపత్రి మెట్ల దగ్గర రేఖ నిలబడి ఉంది. ముందే ఫోను వెళ్ళింది కదా. స్ట్రెచర్ లోపలికి పోయాక తల్లి వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"పెట్టుకున్నాడా అమ్మా?"

అప్పుడు చూసుకుంది జగ్గమ్మ, తన చేతిలో ఏముందో. ఊరి నుంచి అక్కడిదాకా హెల్మెట్‌ని ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది. ఉలవలు సగం అంబులెన్సులో ఒలికిపోయాయి, సగం అందులోనే ఉన్నాయి. రేఖ దాన్ని అందుకుని పైనంతా వేళ్ళతో తడిమింది. గీత కూడా లేదు. కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆ పిల్ల తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే జగ్గమ్మకి కాస్త నయంగా ఉండేది.

ఆ సాయంత్రమే విశాఖపట్నం తీసుకెళ్ళారు. తల తెరిచి ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబెట్టారు, వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. కానీ కట్లు విప్పాక జగన్నాధం చూసిన చూపు వేరు. గుండు చేసిన తల మీద ఎడమవైపు సొట్ట. మచ్చ పోయింది. సుడులు కనబడలేదు. జగ్గమ్మ చెయ్యి వేసి చూసింది. ఎవరి తల మీదో చెయ్యి వేసినట్టుంది.

"ఎవులింటికొచ్చినావప్పా?" అని అడిగాడు భార్యని.

అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. పాతికేళ్ళు దాటిన కాపురం తర్వాత మొగుడు అక్కా అని పిలిస్తే ఏ ఆడది తట్టుకుంటుంది? జగ్గమ్మ వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "మీ ఇంటికే వచ్చినాను. ఆకలేత్తందేటి?" అని అడిగింది.

ఇంటికి తెచ్చాక మనిషి లేచాడు, నడిచాడు. పెడితే తింటాడు. చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాదు. రేఖని చూసి "సిస్టరమ్మా" అంటాడు, వార్డు బట్టల్లోనే వస్తుంది కాబట్టి. సైకిలు తెచ్చి ముందు నిలబెడితే పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు.

"తెలిసిన పనులు సూపిస్తా ఉండమ్మా. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి గుర్తొస్తాది. ఒక్కటి వస్తే దాని వెనక మిగతాయి రావొచ్చు" అంది రేఖ. రావొచ్చు అంది గాని వస్తాయని అనలేదు. జగ్గమ్మ మాత్రం వస్తాయనే వింది.

ఆ రోజు నుంచి ఆమెకి అదొక్కటే పని. తనని జగ్గీ అని ఒక్కసారి పిలిస్తే చాలు. మిల్లు నుంచి గోగునార తెప్పించి ముక్కు దగ్గర పెట్టింది. తుమ్మాడు, అంతే. మిల్లు కూత వినబడేంత దూరం నడిపించుకు వెళ్ళింది. కూత విని చెవులు మూసుకున్నాడు. సాయంత్రాలు మెట్టు మీద కూర్చోబెట్టి, మళ్ళీ మొలిచిన జుట్టులో లేని పీచుని ఏరేది. ఆ కాసేపూ కదలకుండా కూర్చునేవాడు. అది గుర్తా, హాయా అన్నది ఆమె తేల్చుకోలేకపోయింది.

ఊళ్ళోవాళ్ళకి చెప్పాలని కూడా చూసింది పాపం. ఆ నీలం హెల్మెట్ తీసుకెళ్ళి ఎర్రన్నకి ఇచ్చింది. "మీ అన్నకి ఇంక అక్కర్నేదు. నువ్వు పెట్టుకోరా" అంది. ఎర్రన్న కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండు చేతులా తీసుకున్నాడు. వారం తిరక్కుండా అది ఎర్రన్న ఇంటి చూరుకి వేలాడుతూ కనబడింది.

"సెమటకి జుట్టంతా నానిపోతన్నాది వదినా. దూరం ఎల్లినప్పుడు పెట్టుకుంటాను" అన్నాడు.

"మీ అన్న ఎంత దూరం ఎల్లాడని?"

ఎర్రన్న చెడ్డవాడు కాదు. అన్న నెత్తురు ఒంటి మీద ఆరిపోయేదాకా రోడ్డు మీద కూర్చున్న మనిషి. అయినా అంతే.

ఏడాది తిరిగింది. గరువు చేసే దిక్కు లేక జగ్గమ్మ దాన్ని ఎర్రన్నకే ఇచ్చింది. వాడు ఉలవలే వేశాడు. పుష్యమాసం రాగానే పీకి, అదే చోట, అదే తారు మీద పరిచాడు. రాళ్ళు పేర్చాడు. జగ్గమ్మ విని ఉన్న పళంగా వెళ్ళింది.

"ఒరే ఎర్రన్నా, నీకు కళ్ళు నేవురా? మళ్ళీ ఇక్కడేనా?"

"ఎక్కడ పరవమంటావో సెప్పు వదినా. కల్లం ఉన్నాదా? పోనీ నువ్వే సూపించు, ఇప్పుడే మోసుకెల్తాను" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. జగ్గమ్మ ఊరు నాలుగు వైపులా తలుచుకుంది. చూపించడానికి ఆమెకి ఒక్క చోటూ తోచలేదు.

"పోనీ రాళ్ళు ఒద్దురా."

"రాళ్ళు నేకపోతే ఎవుడు తొక్కుతాడు వదినా?"

మధ్యాహ్నం ఎర్రన్న అన్నానికి వెళ్ళాక, జగ్గమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ అక్కడికి వచ్చింది. అతన్ని గట్టు మీద నీడలో కూర్చోబెట్టి, కొంగు నడుముకి చుట్టి, రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి గట్టు కిందికి పడేసింది. ఎర్రన్న తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకుంది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆఖరి రాయి పడేసి, ఆయాసం తీర్చుకుంటూ వెనక్కి తిరిగి చూసేసరికి జగన్నాధం గట్టు మీద లేడు.

రోడ్డు మీద ఉన్నాడు. ఒక రాయి తెచ్చి రోడ్డు వార పెట్టాడు. వంగి, కాస్త జరిపి, వరస చూసుకున్నాడు. మళ్ళీ గట్టు దిగి ఇంకొకటి తెచ్చాడు. చొక్కా గుండీ పెట్టుకోలేని ఆ చేతులు ఇప్పుడు తడబడడం లేదు. రాయికీ రాయికీ మధ్య ఎంత ఎడం ఉండాలో అంతే ఎడం. జగ్గమ్మ కదల్లేక అలా చూస్తూ ఉండిపోయింది.

"వద్దు బావా" అని దగ్గరికి వెళ్ళబోయింది.

అతను తలెత్తి చూశాడు. ఏడాదిగా ఆమె ఎదురుచూసిన చూపు అది. పరాయి చూపు కాదు.

"ఏటలగ నిలబడిపోనావే జగ్గీ? పెద్దది తే. సిన్నదైతే లారీవోడు తన్నుకుని ఎల్లిపోతాడు."

జగ్గీ అన్నాడు. జగ్గీ అనే అన్నాడు. గోగునారకి రానిది, సైకిలుకి రానిది, కన్నకూతురికి రానిది, ఈ రాళ్ళకి వచ్చింది. వద్దని లాక్కుపోతే మళ్ళీ అప్పా అంటాడేమో. పోయిన పేరు ఇంకోసారి వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? ఏడుస్తూ గట్టు దిగి, రెండు చేతులా ఒక రాయి ఎత్తి, పొట్టకి ఆనించుకుని తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని తిప్పి చూసి, మొన పైకి వచ్చేట్టు నిలబెట్టాడు.

అంతలో నెల్లిమర్ల వైపు నుంచి సైకిలు ఒకటి వచ్చింది. మిల్లులో షిఫ్టు దిగిన మనిషి, తలకి తువ్వాలు. జగ్గమ్మ రోడ్డుకి అడ్డం వెళ్ళి చేతులు చాపింది.

"దిగు నాయినా, దిగి నడిపించుకుని ఎల్లు. జారిపోతావు, నీకు పుణ్యముంటాది."

"నాకు అలవాటేనప్పా" అని అతను బెల్లు కొట్టి, ఆమె పక్కనుంచి ఉలవల మీదుగా తొక్కుకుంటూ పోయాడు. చక్రం కాస్త వంకర తిరిగింది, మళ్ళీ సర్దుకుంది. అతనికి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి రేపూ దిగడు.

జగ్గమ్మ అతను మలుపు తిరిగేదాకా ఆ తువ్వాలు చుట్టిన తలనే చూస్తూ నిలబడింది. వెనకనుంచి మొగుడు పిలిచాడు.

"ఇంకోటి తేయే జగ్గీ."

జగ్గమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకో రాయి కోసం గట్టు దిగింది.